నలభై ఒక్క మేకులు

"గొడ్డలి నీదేనా?"

"నాదే బాబూ."

"చచ్చిపోయినాయన్ని ఎప్పుడు చూశావు?"

"బుధవారం నాడు. పొద్దు నడినెత్తి దాటినాక. సూసినాను, మాటాడినాను."

"నువ్వే చంపావా?"

సోంబరు తలెత్తి చూశాడు. అరకు ఔట్‌పోస్టు లాకప్పులో రెండో రోజు. కింది పెదవి చిట్లి నెత్తురు ఎండిపోయింది. కానీ కళ్ళలో బెదురు లేదు.

"ఆ బాబు నాకు మాటిచ్చినాడు. మాటిచ్చినోణ్ణి ఎవుడైనా సంపుకుంతాడా? సంపీసినాక ఆ మాట ఎవులు నిలబెడతారు?"

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ బెహరా జగన్నాథం ఇరవై రెండేళ్ళ సర్వీసులో వందలమంది ముద్దాయిల నోట "నేను కాదు బాబూ" విన్నాడు. ఇలాంటి లెక్క చెప్పినవాణ్ణి మాత్రం చూడలేదు. సిగరెట్టు ఆర్పేసి, స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

కేసు పైకి చూస్తే చేతిలో పెట్టినట్టే ఉంది. గురువారం పొద్దున్న గొందిగుడ తోపులోకి పుల్లలకి వెళ్ళిన ఆడవాళ్ళకి శవం కనిపించింది. పెట్టీ ఆఫీసర్ రొంగలి అసిరినాయుడు, వయసు ముప్పై నాలుగు, నౌకాదళంలో ఓడ వడ్రంగి. వెనకనించి కొట్టిన ఒకే దెబ్బకి తల పగిలింది. పక్కనే టేకు మోడుకి దిగబడి సోంబరు గొడ్డలి. సోంబరు ఆ ఊరి దిసారి, అంటే ముహూర్తాలు పెట్టి, దయ్యాల్ని కట్టే పెద్ద. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఇక్కడి ఎస్సై. మధ్యాహ్నానికల్లా సోంబర్ని లోపల పడేసి, కలప కాంట్రాక్టరు లక్ష్మణరావు చెప్పినదంతా స్టేట్‌మెంటుగా రాసుకున్నాడు. ఈరోజు శుక్రవారం. సాయంత్రం ఐదున్నర పాసింజర్లో సోంబర్ని కిందకి దింపితే విశాఖపట్నం జైలు, ఆ తర్వాత ఉరి. వాడికి వకీలు లేడు, అడిగే దిక్కు లేదు. జగన్నాథం చేతిలో ఉన్నది ఏడు గంటలు.

"ఏం మాటిచ్చాడు?"

"మేకులు తిరిగి తెచ్చిత్తానన్నాడు. నలభై ఒకటి."

"ఏ మేకులు?"

సోంబరు చేతులు ముందుకు చాపి జానెడు కొలత చూపించాడు. "ఇంత పొడుగు ఇనప మేకులు. పులి సంపీసినోళ్ళూ, పురిట్లో పోయినోళ్ళూ, కొండమీంచి జారి పడ్డోళ్ళూ ఉంతారు గదా. ఆళ్ళు ఊరకే ఉండరు. ఇంటిసుట్టూ తిరుగుతారు. ఆళ్ళ పేరు సెప్పి సెట్టుకి మేకు కొట్టీత్తాం. సెట్టు ఆ మేకుని మింగీత్తాది. అప్పుడు దుమ్మ, అదే ఆ సచ్చినోడి దెయ్యం, నిద్రపోతాది. మా తాత కొట్టినాడు, అయ్య కొట్టినాడు, నాను కొట్టినాను. ఆ సెట్లు ఎవులూ నరకరు." చాపిన చేతులు దించేశాడు. "మొన్న ఎండల్లో ఆ కంట్రాక్టు బాబు మనుసులు రంపాలు తెచ్చి నరికీసినారు. పారెస్టు బాబుల కాళ్ళు పట్టుకున్నాను. ఇన్నేదు. దుంగలు సముద్రానికి పోయినాయి. ఓడలోకి ఎక్కినాయంట. నా నలభై ఒక్కమందీ ఓడలో ఉన్నారు బాబూ. ఆళ్ళని బేగి దింపండి. నన్ను ఉరితీసుకుంతే తీసుకోండి."

"మరి గొడ్డలి?"

"రాతిమీన పెట్టి తోపులోకి పోయినాను. ఆ బాబుకి మోళ్ళు సూపించి, లోపల కోడి మెడ తిప్పి మొక్కుకోడానికెల్లాను. తిరిగొచ్చేసరికి రాతిమీన గొడ్డలి నేదు. ఆ బాబు రైలుకి ఎల్లిపోనాడనుకున్నాను."

వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ అప్పారావు కిసుక్కున నవ్వాడు. "రాతిమీద గొడ్డలి పెట్టి అడివిలోకి పోయాట్టండి. కట్టు కథకి కూడా ఓ మోస్తరు ఉండాలి కదండీ."

జగన్నాథం నవ్వలేదు.

బయట జీపు ఆగిన చప్పుడైంది. తెల్ల యూనిఫాం, బూటు మీద దుమ్ము చుక్క లేదు. లెఫ్టినెంట్ సర్వేశ్వరరావు. నిన్న సాయంత్రంనించి ఈయనే జగన్నాథానికి అరికాల్లో ముల్లు.

"మిస్టర్ జగన్నాథం, ఇంకా ఎంతసేపు? శవాన్నీ సంచినీ నాకు అప్పగించండి. గురువారం ఉదయం ఎనిమిదింటికి అతని సెలవు అయిపోయింది. డ్యూటీకి రాలేదు. యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది. ఓడ ఎక్కాల్సిన రోజుల్లో కొండలెక్కినవాణ్ణి మేం పారిపోయినవాడనే రాసుకుంటాం. కల్లు తాగాడు, వీళ్ళతో గొడవపడ్డాడు, చచ్చాడు. ఇందులో డిటెక్టివు పని ఏముంది?"

"బుధవారం సాయంత్రమే చచ్చినవాడు గురువారం పొద్దున్న డ్యూటీకి రావాలంటే కష్టమేనండీ," అన్నాడు జగన్నాథం. "కడుపులో కల్లు చుక్క లేదని డాక్టరు రాశాడు. మీరు చదవలేదా, చదివి మర్చిపోయారా?"

లెఫ్టినెంటు మొహం ఎర్రబడింది. జగన్నాథం చచ్చినవాడి సంచి తెచ్చి బల్లమీద గుమ్మరించాడు. కొయ్య సుత్తి. ఇత్తడి సుత్తి. రాగి మేకుల పొట్లం. చిత్రిక పట్టే పనిముట్టు, దాని బ్లేడు అంచు ఒకచోట విరిగి ఉంది. అద్దం పగిలిన చిన్న దిక్సూచి.

"ఇంత కాలం వడ్రంగుల్ని చూశాను. సంచిలో ఒక్క ఇనప మేకు కూడా లేని వడ్రంగిని చూడలేదు. ఇదేమిటండీ?"

"అతను మైన్‌స్వీపర్ మీద పనిచేస్తాడు. 'వంశధార' అని." లెఫ్టినెంటు విసుగ్గా మొదలుపెట్టాడుగానీ రెండో మాటకే గొంతు మారింది. ఓడల గురించి మాట్లాడటం ఆయనకి ఇష్టమని తెలిసిపోతోంది. "మీరు బీచిలో నిలబడి చూసే ఓడలన్నీ ఒకటి కావు. ఫ్రిగేటు సబ్‌మెరైన్లని వేటాడుతుంది. టాంకరు మిగతావాటికి నూనె మోస్తుంది. సర్వే ఓడ సముద్రం అడుగు కొలుస్తుంది. మైన్‌స్వీపరు దారి ఊడుస్తుంది."

"ఊడవటవేటండి?" అప్పారావు ఉండబట్టలేక అడిగాడు.

"నవ్వకండి. శత్రువు రేవు ముందు మందుపాతర్లు వేసిపోతాడు. అవి సముద్రం అడుగున పడుకుని ఉంటాయి. పైన ఇనుము పోతే వాటికి తెలుస్తుంది. తెలిస్తే పేలతాయి. పెద్ద ఓడలన్నీ ఇనుమే కదా, అందుకని ముందు చిన్న ఓడ వెళ్ళి వాటిని ఏరి పేల్చేసి రావాలి. అది వెళ్ళొస్తేగాని వెనక పెద్దవి కదలవు. ఆ చిన్న ఓడకే ఇనుముంటే? అందుకని దాన్ని చెక్కతో కడతారు. టేకు పలకలు, రాగి మేకులు, ఇత్తడి బిగింపులు. వంటింట్లో డబ్బాలకి కూడా లెక్క ఉంటుంది. అందులో ముప్పై ఎనిమిదిమంది ఉంటారు."

"ఈ మధ్య దానికి కొత్త పలకలు ఏమైనా వేశారా?"

లెఫ్టినెంటు జవాబివ్వడానికి రెండు క్షణాలు ఎక్కువ తీసుకున్నాడు. జగన్నాథం ఆ రెండు క్షణాల్ని మనసులో రాసుకున్నాడు.

"పోయిన నెల్లో అడుగు పలకలు కొన్ని మార్చారు. అది నౌకాదళం సంగతి. పోలీసులకి అక్కర్లేదు."

"హత్యలో నాకు అక్కర్లేనిది ఉండదండీ."

"ఐదున్నర రైలుకి శవం నాతో రావాలి. రాకపోతే మీ డి.ఐ.జి.తో మాట్లాడతాను."

"మాట్లాడండి. ట్రంకు కాలు దొరికితే నా నమస్కారాలు కూడా చెప్పండి."

* * *

బుధవారం రైలు పదకొండూ నలభైకి వచ్చింది. స్టేషన్ ఎదురుగా యర్రమ్మ టీ దుకాణం. అసిరినాయుడు పన్నెండింటికి అక్కడ తిన్నాడని స్టేషన్ పోర్టరు చెప్పాడు. యర్రమ్మ పాచిపెంటనించి వచ్చి పదిహేనేళ్ళుగా ఇక్కడ పొయ్యి రాజేస్తోంది. ఇన్‌స్పెక్టర్ని చూడగానే గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

"ఒచ్చినాడు. రెండు గారెలు తిన్నాడు. ఎల్లిపోనాడు. అంతే బాబూ."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"ఎటు వెళ్ళాడు?"

"నానేటి సూత్తానా బాబూ, పొయ్యికాడ ఉంతాను."

"బల్లమీద ఏదో పెట్టి చూసుకున్నాడట. ఏమిటది?"

యర్రమ్మ చెయ్యి ఆగింది. "ఇనప మేకు. ఇంత పొడుగు. దాని పక్కని డబ్బీలాటిది పెట్టినాడు. డబ్బీలో ముల్లు గిర్రుమని తిరిగీసింది. ఆయన నవ్వినాడు. నవ్వు కాదది, ఏడుపూ కాదు."

జగన్నాథం, అప్పారావు మొహాలు చూసుకున్నారు. అసిరినాయుడి సంచిలోగానీ జేబులోగానీ ఇనప మేకు దొరకలేదు.

"ఇంకెవరున్నారు అప్పుడు?"

"ఎవులూ నేరు."

"యర్రమ్మా, నువ్వు లారీలవాళ్ళ మీద బతుకుతున్నావు. నాకు తెలుసు. నీ చేత అబద్ధం చెప్పిస్తున్నది కడుపు. నేను నిన్ను కొట్టను, స్టేషన్‌కి రమ్మనను. ఒక్క మాట చెప్పి పోతాను. ఐదున్నర రైలుకి సోంబర్ని తీసుకెళ్ళిపోతారు. మళ్ళీ రాడు."

అని లేచాడు. నాలుగడుగులు వేసేసరికి వెనక గ్లాసు కిందపడి పగిలింది.

"ఉండండి బాబూ."

ఆమె చెంగుతో మొహం అదుముకుంది. వచ్చే ఏడుపుని లోపలికి నెట్టేస్తోంది. "నా గుంట సత్తెకుమారి పురిట్లో పోయింది. ఆరేళ్ళయింది. మనది కిందూరి కులం, కొండోళ్ళ సెట్టు మనకెందుకని మా వోళ్ళు తిట్టినారు. నాకు నిద్దర నేదు బాబూ, గుంట గుమ్మంకాడ నిలబడ్డట్టే ఉండీది. సోంబరు దాని పేరు సెప్పి మేకు కొట్టినాడు. ఒక్క పైసా తీసుకోనేదు. ఆ రేత్తిరి నిద్దరపోయినాను." ముక్కు చీదింది. "ఆ ఓడబాబుది, లచ్చనరావు బాబుది ఒకటే బల్ల. మేకు సూసి లచ్చనరావు బాబు పలకరించినాడు. టీ తాగించినాడు. గొందిగుడకి తోవ ఏదంటే, 'నానూ అటే పోతన్నాను, లారీలో రండి' అన్నాడు. ఇద్దరూ లారీ ఎక్కినారు. పన్నెండున్నర బండి కూసింది అప్పుడే."

"లక్ష్మణరావు బుధవారమంతా సాలూరు దాటలేదని రాసిచ్చాడు కదండీ," అన్నాడు అప్పారావు నోరెళ్ళబెట్టి.

"రాసిచ్చాడు. సంతకం కూడా పెట్టాడు పాపం."

* * *

గొందిగుడ తోపుకి చేరేసరికి రెండు కావొస్తోంది. వెనకాలే లెఫ్టినెంటు జీపు. పోలీసులు సాక్ష్యం పాడుచేస్తారేమోనని కాపలాకి వచ్చానన్నాడు. లెఫ్టినెంటు ఎవర్ని కాస్తున్నాడో జగన్నాథానికి ఇంకా అర్థం కాలేదు.

ఊరి కాలిబాట తోపులోకి మళ్ళేచోట నడుమెత్తు బండరాయి ఉంది. దాని మీద వరసగా నాలుగు గొడ్డళ్ళు, రెండు కత్తులు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. అప్పారావు రాయి దాటబోతుంటే ఎక్కణ్ణించి వచ్చిందో ఒక ముసలమ్మ అడ్డం తిరిగి, అతని చేతికర్ర పట్టుకుంది. కర్ర చివర ఇనప పొన్ను చూపించి, రాయి చూపించింది.

"దుమ్మని కట్టే మేకు తప్ప ఏ ఇనుమూ లోనికి పోకూడదు. దుమ్మలు లేత్తాయి. ఆడ పెట్టీసి పోండి."

అప్పారావు కర్రా, నడుముకున్న బేడీలూ రాతిమీద పెట్టాడు. నోట్లోని నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. పొద్దున్న తాను వెక్కిరించిన రాయి ఇదే. జగన్నాథం రివాల్వరు తీసి కర్ర పక్కన పెట్టాడు. ముసలమ్మ లెఫ్టినెంటు నడుము వంక చూసింది.

"నాన్సెన్స్," అన్నాడు లెఫ్టినెంటు. "సర్వీసు పిస్తోలు నేను రాళ్ళమీద వదలను."

"అయితే ఇక్కడే ఉండండి. నేను లోపల చూసింది మీకు తర్వాత చెప్తాను."

లెఫ్టినెంటు తిట్టుకుంటూ పిస్తోలు తన డ్రైవరు చేతికిచ్చి లోపలికి వచ్చాడు.

తోపంటే ఇప్పుడు పేరే. మనిషి కౌగిలికి అందని మోళ్ళు పంతొమ్మిది లెక్కపెట్టాడు జగన్నాథం. అవతలి వైపునించి లారీ బాట ఉంది. ఆ బాటలో లారీ నిలబడి ఉంది. నలుగురు కూలీలు మిగిలిన మూడు దుంగల్ని ఎక్కించడానికి మోకులు బిగిస్తున్నారు. పక్కన గొడుగు వేసుకుని లక్ష్మణరావు, సాలూరు కలప కాంట్రాక్టరు. మెడలో బంగారు గొలుసు, నోట్లో కిళ్ళీ.

"రండి ఇన్‌స్పెక్టరు గారూ. ఎస్సైగారు పర్మిషను ఇచ్చారండి, దుంగలు తీసేసుకోమని."

"తీసుకుందురుగాని. తొందరేముంది?" జగన్నాథం మోకు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "మీ స్టేట్‌మెంటులో చిన్న అనుమానం. సోంబరు గొడ్డలి పట్టుకు తిరగడం మీరు చూశారా?"

"రోజూ చూస్తానండీ. ఇదే తోపులో, భుజాన గొడ్డలేసుకుని తిరుగుతుంటాడు. నా కూలీల్ని ఎన్నిసార్లు బెదిరించాడో. ఆ గొడ్డలి లేకుండా వాడు అడుగు తీసి అడుగు వెయ్యడండి."

"ఇదే తోపులో?"

"ఇక్కడేనండి, మీరు నిలబడ్డచోటే."

"మీరెప్పుడైనా ఊరివైపు బాటలోంచి ఇక్కడికి వచ్చారా?"

"నాకేం పనండీ? నా లారీ బాట ఇటుంది."

"అదీ సంగతి. అటునించి వచ్చుంటే మీకు తెలిసేది. ఈ ఊళ్ళో మగపిల్లాడు నడక నేర్చిన రోజునించి ఇనుము బయట రాతిమీద పెట్టి లోపలికి వస్తాడు. సోంబరు ఇక్కడికి గొడ్డలి తేవడమంటే గుళ్ళోకి చెప్పులతో వెళ్ళడం లాంటిది. బుధవారం మీరు మొట్టమొదటిసారి అటువైపు వెళ్ళారు. రాతిమీద కాపలా లేని గొడ్డళ్ళు కనిపించాయి. ఎవరో మరిచిపోయారనుకున్నారు. ఒకటి అందుకున్నారు. కొట్టాక మోడుకి దిగేసి వదిలారు. ఈ కొండమీద ఆ పని చెయ్యగలిగినవాడు కొండవాడు కాడు లక్ష్మణరావుగారూ."

లక్ష్మణరావు కిళ్ళీ నమలడం ఆపాడు. "బుధవారం నేను సాలూర్లో..."

"రెండు టీలు తాగారు. పన్నెండున్నరకి లారీలో ఎక్కించుకున్నారు. ఆయన దగ్గరున్న మేకు ఏం చేశారు?"

కాంట్రాక్టరు లెఫ్టినెంటు వైపు తిరిగాడు. "చూడండి సార్, ఈయన... నేను మీ ఓడలకి సరుకు వేసినవాణ్ణి. ఏదో రెండు మేకులు చెక్కలో ఉంటే ఏం మునిగిపోతుందండీ? పలక పలకే కదండీ. ఆ వడ్రంగి పై వాళ్ళకి రాస్తానని గోల. నరుక్కోమని నాకిచ్చిన కూపు హద్దు దాటి చెట్లు కొట్టానని తెలిస్తే నా లైసెన్సు..." అని నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. అప్పారావు బేడీలు రాతిమీదే వదిలి వచ్చాడు కాబట్టి, కలప కట్టే మోకుతోనే అతని చేతులు కట్టాడు.

జగన్నాథం జేబులోంచి దిక్సూచి తీశాడు. అద్దం పగిలినా ముల్లు తిరుగుతోంది. దుంగ మీద పెట్టి మెల్లిగా జరిపాడు. ఉత్తరం చూపిస్తున్న ముల్లు ఒకచోట ఉలిక్కిపడి పక్కకి తిరిగింది. ఇంకో మూరెడు జరిపితే మళ్ళీ. బెరడు మీద చిన్న గాటు కూడా లేదు. చెట్టు మేకుని పూర్తిగా మింగేసింది. పక్కన రంపపు గోతిలో పొట్టు తన్ని చూస్తే విరిగిన రంపపు పళ్ళు గుప్పెడు దొరికాయి.

"చిత్రిక బ్లేడు విరిగింది దీనికే," అన్నాడు. "ఓడ అడుగు పలకకి పని చేస్తుంటే విరిగింది. లోపలినించి మేకు పీకాడు. ఇంకెన్ని ఉన్నాయో తెలియాలంటే చెట్టు పుట్టినచోటికి రావాలి. వచ్చాడు. సోంబర్ని అడిగితే పేరు పేరునా లెక్క చెప్పాడు, నలభై ఒకటి. ఇతను పారిపోలేదు లెఫ్టినెంట్. మీ ఓడని కాపాడటానికి వచ్చి చచ్చిపోయాడు."

లెఫ్టినెంటు దిక్సూచి లాక్కుని తనే దుంగ మీద పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు. మూడోసారి కూడా ముల్లు అదేచోట పక్కకి తిరిగింది.

"టైమెంత?"

"రెండూ యాభై."

అతను జీపు వైపు పరిగెత్తాడు. అంత శుభ్రమైన బూట్లతో బురదలో పడి, లేచి, మళ్ళీ పరిగెత్తాడు.

* * *

అరకు పోస్టాఫీసులో ఉన్నది ఒకటే ట్రంకు ఫోను. లెఫ్టినెంటు లోపలికి వెళ్ళగానే లైట్నింగ్ కాల్ బుక్ చేశాడు. అన్ని కాల్సునీ పక్కకి నెట్టి కలిపే కాలు అది. అయినా లైను కలవడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ పద్నాలుగు నిమిషాలూ అతను గోడ గడియారాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇవాళ ఓడ రేవులోనే ఉంది కదా?" అన్నాడు జగన్నాథం.

"లేదు. నిన్న జాలర్ల వలకి రేవు బయట ఏదో ఇనప గుండు తగిలింది. మందుపాతర కావచ్చు. వెనక మూడు ఓడలు బయల్దేరాలి. ఈ మధ్యాహ్నం దారి ఊడవడానికి 'వంశధార' వెళ్ళింది."

"కొత్త పలకలు వేశాక పరీక్ష చెయ్యరా?"

"చేస్తారు. ఓడలో ఇనుము ఎంతుందో కొలుస్తారు. వచ్చే సోమవారం పెట్టుకున్నారు. ఈలోగా పని పడింది."

ఫోను మోగింది. లెఫ్టినెంటు రెండు చేతులా పట్టుకున్నాడు. గట్టిగా అరిస్తేగాని అవతలికి వినపడదు. అందుకని ఆ తర్వాతి మాటలన్నీ అతను అరిచే చెప్పాల్సి వచ్చింది. పోస్టుమాస్టరూ, స్టాంపులు కొనడానికొచ్చిన ఇద్దరు మనుషులూ, జగన్నాథమూ అందరూ విన్నారు.

"సర్వేశ్వరరావు మాట్లాడుతున్నాను సార్. 'వంశధార'ని వెనక్కి పిలవండి. అడుగు పలకల్లో ఇనుముంది. నలభై మేకుల దాకా... అవును సార్, నేను కళ్ళారా చూశాను... ఎలా తెలిసిందా?" అతను నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "పెట్టీ ఆఫీసర్ అసిరినాయుడు చెప్పాడు సార్. మంగళవారం పొద్దున్న. మేకు పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చాడు. నేను... నేను వినలేదు సార్. యుద్ధానికి భయపడి సాకు వెతుక్కుంటున్నావన్నాను. పిరికివాడివన్నాను. అందరి ముందూ అన్నాను. రుజువు తెస్తానని సెలవడిగితే, చీటీ మీద సంతకం చేసి మొహాన కొట్టాను. తప్పు నాది సార్. నన్ను ఏమైనా చెయ్యండి, ముందు ఓడని వెనక్కి పిలవండి!"

జగన్నాథానికి నిన్నటినించి అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. చచ్చినవాణ్ణి పారిపోయినవాడని రాసేస్తే, వాడు మంగళవారం చెప్పిన మాట కూడా వాడితోపాటే పోతుంది. ఈ మనిషి కాపలా కాసింది దాన్ని. అతని మీద జాలీ కలగలేదు, కోపమూ రాలేదు. చలి మాత్రం పట్టుకుంది.

"లైన్లోనే ఉండమన్నారు," అన్నాడు లెఫ్టినెంటు. "పిలుస్తున్నారు. పావుగంటకోసారి ఓడే వైర్‌లెస్‌లో మాట్లాడుతుంది. మూడుంపావుకి మాట్లాడిందట. అంతా బాగుందని చెప్పిందట."

"మళ్ళీ ఎప్పుడు?"

"మూడున్నరకి."

గడియారం మూడూ నలభై రెండు చూపిస్తోంది. పోస్టుమాస్టరు స్టాంపు ముద్ర కొట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశాడు. రిసీవర్లో సన్నగా ఎవరో ఎవర్నో పిలుస్తున్న గొంతు, ఒకే పేరు, మళ్ళీ మళ్ళీ. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. అవతలి గొంతు ఈసారి లెఫ్టినెంటుతో ఏదో చెప్పింది.

అతను వింటూ గోడకి జారగిలబడ్డాడు. రిసీవరు మాత్రం చెవినించి తియ్యలేదు.

"పలకడం లేదట," అన్నాడు జగన్నాథంతో. తర్వాత ఫోన్లోకి, అరవకుండా, అవతలికి వినపడదని కూడా మరిచిపోయి, "ఇంకోసారి పిలవండి సార్," అన్నాడు. "ఇంకొక్కసారి పిలవండి."